బోరు నీళ్లు, వాన నీళ్లు: ప్రకాశం, నెల్లూరు మెట్ట రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. కనిగిరి నుంచి ఒకరు, పొదిలి నుంచి ఒకరు, అటు ఉదయగిరి, దుత్తలూరు నుంచి ఇంకొకరు. అడిగేవి మాత్రం ఏటా ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

మాది కొనకనమిట్ల వైపు, బత్తాయి తోట. పన్నెండేళ్లలో నాలుగు బోర్లు వేశాం. ఒక్కటే బతికుంది. ఆ ఒక్కదాన్ని కాపాడుకోవడానికి నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ.

## బోరు వేసే ముందు

పక్క చేలో 350 అడుగులకే నీళ్లు పడ్డాయి. నాకు 800 వేసినా పొడే వచ్చింది. ఎందుకిలా?

మన కింద ఉన్నది రాయి. మార్కాపురం వైపు పలకల రాయి, చీమకుర్తి వైపు గ్రానైటు. ఇసుక నేలలో అయితే నీళ్లు అంతటా పరుచుకుని ఉంటాయి. రాతి నేలలో అలా ఉండవు. పైన మెత్తబడిన పొరలో కొన్ని, దాని కింద రాతి పగుళ్లలో కొన్ని, అంతే. మీ పాయింటు, అంటే బోరు దింపే చోటు, కింద పగులు ఉంటే నీళ్లు, లేకపోతే పొడి. పక్క చేను పదడుగుల దూరంలో ఉన్నా పగులు అటు పోయి ఉండొచ్చు.

లోతు పెంచితే దొరుకుతాయన్న ఆశే మనల్ని ముంచుతోంది. లోతుకు పోయేకొద్దీ పైనున్న రాయి బరువుకు పగుళ్లు బిగుసుకుపోతాయి, నీళ్లు దొరికే అవకాశం తగ్గుతుంది. మా మూడో బోరప్పుడు రాత్రి రెండింటి దాకా బోరు బండి దగ్గరే నిలబడ్డాం. మూడొందల అడుగుల దగ్గర తడి మట్టి వచ్చింది. నాన్న దోసిట్లో పట్టి పిండి చూశారు. నాలుగొందలు దాటాక మళ్లీ పొడి. గట్టు మీది వేపచెట్టు ఆకులన్నీ తెల్లగా అయిపోయాయి. 760 దగ్గర నాన్నే ఆపమన్నారు. అప్పటికే అడుగు రేటు పెరిగే లోతులోకి వెళ్లిపోయాం. ఆ అప్పు తీరడానికి రెండు కాపులు పట్టింది.

టెంకాయతో చూసిన పాయింటును నమ్మొచ్చా?

నమ్మొద్దు. భూగర్భ జల శాఖలో జియాలజిస్టులు ఉంటారు. భూమిలోకి కరెంటు పంపి, ఏ లోతులో ఎంత అడ్డుకుంటోందో కొలిచే యంత్రంతో చూస్తారు. తడి పొర, గట్టి రాయి తేడా అందులో కొంతవరకు తెలుస్తుంది. అదీ నూటికి నూరు పాళ్లు గ్యారెంటీ కాదు. కానీ ఇక్కడ వేయొద్దు అని చెప్పించుకోవడానికైనా ఆ సర్వే చేయించాలి. ఆ ఒక్క మాట లక్ష రూపాయల పైనే మిగులుస్తుంది.

నా భూమి, నా డబ్బు. బోరుకు పర్మిషన్ ఎందుకు?

రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్టు మూడింటికీ కలిపి తెచ్చిన చట్టం అది. బావులు, బోర్లు రిజిస్టరు చేయించాలి, బోరు వేసే బండ్లకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల మోటారు బిగించే బోరు వేయాలంటే అనుమతి తప్పనిసరి. తాగునీటికి చేతిపంపు అయితే ఆ అడ్డు లేదు. తాగునీటికి ఇబ్బంది వచ్చినప్పుడు కొంతకాలం వ్యవసాయ బోర్లను ఆపించే అధికారం కూడా ఈ చట్టం ఇచ్చింది.

చాలామంది దీన్ని ఆఫీసు చుట్టూ తిప్పే కాగితంగానే చూస్తారు. మీ బోరుకు ఇరవై గజాల దూరంలో ఎవరో వెయ్యి అడుగులు దింపిన రోజు, పర్మిషన్ ఉందా అని మీరే తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి అడుగుతారు. అడిగే హక్కు మీకు ఇచ్చింది ఈ చట్టమే. అందుకే మీ కాగితాలు ముందు సరిగ్గా పెట్టుకోండి.

## వాన పడేటప్పుడు

రెండు పెద్ద వానలు పడ్డాయి. బోరు ఎందుకు లేవలేదు?

రాతి నేలల్లో కురిసిన వానలో చాలాచోట్ల పదో వంతు కూడా లోపలికి ఇంకదు. మిగతాదంతా వాగులో పోతుంది, లేదా ఆవిరైపోతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లతో వస్తాయి. ఒక్క రాత్రిలో దంచికొట్టి పోతాయి. అంత వేగంగా పడ్డ నీటికి ఇంకే టైము ఉండదు. నిలబెట్టిన నీళ్లే ఇంకుతాయి. అందుకని గట్టు, కుంట, కందకం, చెరువు, ఏదో ఒకటి దాన్ని ఆపాలి.

ఇంకాక కూడా బోరులోకి చేరడానికి వారాలు పడుతుంది. నవంబరు చివర చూడండి, అక్టోబరులో కాదు.

చేలో నీటి కుంట తవ్వితే నేల పోతుంది కదా, లాభమేంటి?

లెక్క చూద్దాం. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంటను నిలువుగా తవ్వితే 2 లక్షల లీటర్లు పడతాయి. గట్లు వాలుగా తీస్తారు కాబట్టి కొంత తగ్గుతుంది. ఆ కుంట తీసుకునే నేల రెండున్నర సెంట్లు, గట్టుతో కలిపితే ఇంకొంచెం. అది సీజనులో ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు నిండుతుంది, ఇంకుతుంది.

కుంట పెట్టే చోటే ముఖ్యం. చేలో నీళ్లు సహజంగా చేరే పల్లపు మూల చూసుకోండి. లోపలికి నీళ్లు వచ్చే దారిలో చిన్న గుంత తీసి రాళ్లు పరచండి, మట్టి అక్కడే ఆగుతుంది. ఇంకాలని తవ్వే కుంటకు అడుగున ప్లాస్టిక్ షీటు వేయకూడదు. కందికి, మిరపకు ఒక తడి ఇచ్చుకోవడానికి దాచుకునే కుంటకైతే షీటు కావాలి. రెండూ వేరు వేరు పనులు. ఏది కావాలో ముందే తేల్చుకోండి.

ఉపాధి పనిలో నా చేలో కుంట తవ్విస్తారా?

తవ్విస్తారు. జాబ్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాల సొంత భూముల్లో ఇలాంటి పనులు చేయడానికి ఉపాధి హామీలో వీలుంది. 2025 మార్చి 22న, ప్రపంచ నీటి దినోత్సవం రోజు, రాష్ట్ర ప్రభుత్వం 1.55 లక్షల కుంటల లక్ష్యంతో ఈ పనే పెద్దఎత్తున మొదలుపెట్టింది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో 125 రోజుల పనితో కొత్త చట్టం పార్లమెంటులో పాసైంది. అందులోనూ నీటి భద్రత పనులు ముందు వరసలో ఉన్నాయి. ఊళ్లో అందరూ ఇంకా ఉపాధి పనే అంటారు, మీరూ అలాగే అడగండి.

చేయాల్సింది: పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, జాబ్ కార్డు నకళ్లతో ఫీల్డ్ అసిస్టెంటుకు అర్జీ ఇవ్వండి. గ్రామసభలో మీ పని పేరు జాబితాలో చదివారా లేదా చూసుకోండి. చదవకపోతే అక్కడే లేచి అడగాలి. తర్వాత అడిగితే వచ్చే ఏడాది అంటారు. పని జరిగేటప్పుడు చేలో ఉండండి. ఒకసారి మా పొలంలో కొలత ఒకటి రాసి, తవ్వింది ఇంకొకటి. టేపు తీసుకెళ్లి లోతు కొలిచి చూపించాకే మిగతాది తవ్వారు.

మా వాగు మీద చెక్‌డ్యాం కట్టి పదేళ్లయింది. చుక్క నిలవడం లేదు.

వెళ్లి పలుగుతో గుచ్చి చూడండి. మా దగ్గర అలాగే చూశాం. పైకి పచ్చగా తుంగ మొలిచి ఉంది, పలుగు రెండడుగులు మెత్తగా దిగింది. అంతా ఒండ్రు. నీళ్లు నిలవాల్సిన చోట మట్టి నిలిచింది. ఆ ఒండ్రు అడుగు పొరను మూసేస్తుంది కాబట్టి నిలిచిన కాసిని నీళ్లు కూడా ఇంకవు.

ఎండాకాలంలో ఆ ఒండ్రు తీయాలి. మీ ఊరి రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని చేలకు తోలుకుంటే అది ఎరువు కూడా. పంచాయతీకి, ఇంజినీరుకు చెప్పి తీయండి, ఎందుకంటే గోడ పునాది దగ్గర గీకితే డ్యామే పోతుంది. పక్కల నుంచి నీరు కోసుకుపోతోందా, గోడ కింద నుంచి ఊరుతోందా అన్నది కూడా చూడండి. అవి రిపేరు పనులు, మట్టి పని కాదు.

2000లో నీరు-మీరు పథకం, 2015లో నీరు-చెట్టు, ఆ తర్వాత ఇంకో పేరు. పేరు మారినప్పుడల్లా కొత్తవి కట్టారు. నా అభిప్రాయం చెప్పమంటే, మన మండలాల్లో ఇప్పుడు కావాల్సింది కొత్త చెక్‌డ్యాం కాదు. ఉన్నవాటిలో ఒండ్రు తీయడం. శంకుస్థాపన ఫోటో రాదు కాబట్టి ఆ పని ఎవరూ ముందుకేసుకోరు. గ్రామసభలో పట్టుబట్టాల్సింది మనమే.

ఎండిపోయిన బోరులోకి వాన నీళ్లు నేరుగా వదిలేస్తే రీచార్జి అవుతుందా?

నేరుగా వదలొద్దు. మట్టి, పురుగుమందు, పశువుల పేడ నీళ్లు అన్నీ లోపలికి పోతాయి. పగుళ్లు పూడుకుపోతాయి, చుట్టుపక్కల తాగే బోర్లు పాడవుతాయి.

సరైన పద్ధతి ఇది. బోరు చుట్టూ పది అడుగుల వెడల్పు, పది అడుగుల లోతు గుంత తీయాలి. ఆ లోతులో కేసింగ్ పైపుకు (బోరు పై భాగం కూలకుండా దించే పైపు) చిన్న చిల్లులు పెట్టి నైలాన్ జాలీ చుట్టాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. నీళ్లు ఇసుకలో వడకట్టుకుని కిందికి పోతాయి. ఏటా వానాకాలానికి ముందు పై ఇసుక పొరను గీకి మార్చాలి. ఎరువులు, మందులు ఎక్కువ కొట్టే చేను మధ్యలో ఉన్న బోరుకు ఈ పని అసలు పెట్టుకోవద్దు.

ఊళ్లో ఇంటికి ఇంకుడు గుంత తీస్తే నిజంగా ఉపయోగమా?

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా నీళ్లు. డాబా పైపును గుంతలోకి తిప్పితే చాలు. మరుగుదొడ్డి గుంతకు దూరంగా తీయండి.

## పంట వేసే ముందు

బోరులో ఎంత నీళ్లున్నాయో చూసుకుని పంట వేయడం అయ్యే పనేనా?

మన జిల్లాలోనే చేసి చూపించారు. 2003లో మొదలైన భూగర్భ జలాల రైతు యాజమాన్య ప్రాజెక్టు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో నడిచింది. అందులో ప్రకాశం ఒకటి. ముందు నెదర్లాండ్స్ సాయం, తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండ. వాళ్లు రైతులకు డబ్బివ్వలేదు, మోటార్లివ్వలేదు. కొలవడం నేర్పారు. ఊళ్లో వానమానిని పెట్టి వాన రాసుకున్నారు. ఎంపిక చేసిన బోర్లలో మట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు ఇంకిన నీళ్లు ఇన్ని, మనం వేద్దామనుకున్న పంటలకు కావాల్సినవి ఇన్ని అని గోడ మీద రాసి లెక్కేశారు. లోటు కనిపించినచోట ఎవరికివారే వరి తగ్గించుకుని ఆరుతడి పంటలకు మారారు. నిషేధం లేదు, జరిమానా లేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెబుతాను. కేసింగ్ మూతకు చిన్న కంత పెట్టండి. నైలాన్ తాడుకు మీటరుకొక ముడి వేసి, చివర ఇనుప బోల్టు కట్టండి. తెల్లవారుజామున, మోటారు వేయకముందు నెమ్మదిగా దించండి. నీళ్లు తగిలినప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, తాడు బరువు తేలికవుతుంది. ముడులు లెక్కపెట్టి క్యాలెండరు మీద రాయండి. మోటారు పైపు, వైరు ఉన్న బోరులో తాడు చిక్కుకునే ప్రమాదం ఉంది, అందుకని దగ్గర్లో వాడని బోరు ఉంటే అందులో కొలవడం మంచిది. మా ఇంట్లో క్యాలెండర్ల మీద ఏడేళ్ల అంకెలున్నాయి. నవంబరు అంకె చూస్తే ఏప్రిల్లో తోటకు నీళ్లు చాలతాయో లేదో ఇప్పుడు అమ్మ కూడా చెప్పేస్తుంది.

బోరు కింద వరి వేస్తే తప్పా?

తప్పు అనను, లెక్క చెబుతాను. వరికి సీజను మొత్తం మీద సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. వేరుశనగకు అందులో సగం చాలు. సోమశిల కాలువ కింద వరి వేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు చేరేది పెన్న నీళ్లు. మెట్టలో బోరు కింద రెండెకరాల వరి పెడితే పక్కనున్న తోటలు మేలో ఎండుతాయి.

డ్రిప్పుకు సబ్సిడీ ఎంత? వేస్తే నీళ్లు మిగులుతాయా?

రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం 2003 నుంచి ఉంది. సన్న, చిన్నకారు రైతులకు సబ్సిడీ 90 శాతం దాకా వస్తుంది, దానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో పేరు రాయించుకోవాలి.

నీళ్లు మిగలడం మాత్రం మన చేతుల్లో ఉంది. రెండెకరాలకు డ్రిప్పు వేసి, మిగిలిన నీళ్లతో మూడో ఎకరం తోట పెంచితే బోరుకు దక్కింది ఏమీ లేదు. ఇది నేనూ చేశాను. రెండేళ్లకు బోరు గ్యాప్ ఇవ్వడం, అంటే నీళ్లు ఆగి ఆగి పోయడం, మొదలుపెట్టింది.

ఉచిత కరెంటు ఉన్నప్పుడు ఆటో స్టార్టర్ తీసేయడం ఎందుకు?

కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే ఆడుతుంది, చేలో ఎవరూ లేకపోయినా. నీళ్లు గట్టు దాటి బాట మీద పారడం మీరూ చూసే ఉంటారు. బోరులో నీళ్లు అయిపోయినా ఆడితే మోటారు కాలుతుంది. ఊరంతా ఒకేసారి ఆన్ అయితే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. తీసేయండి.

## ఎండాకాలం ఇబ్బందులు

మా మండలం "ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్" అని పేపర్లో వచ్చింది. అంటే ఏంటి?

ఏడాదిలో భూమిలోకి చేరే నీటిలో తోడుకోదగినది 100 లీటర్లు అనుకోండి. 70 లోపు తోడితే సేఫ్. 70 నుంచి 90 మధ్య అయితే సెమీ క్రిటికల్. 90 దాటితే క్రిటికల్. 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్, అంటే పాత నిల్వ తినేస్తున్నాం. కేంద్ర భూగర్భ జల బోర్డు, రాష్ట్ర శాఖ కలిసి ఈ లెక్క వేస్తాయి. మన రాష్ట్రంలో మండలమే యూనిట్టు.

మండలం సేఫ్ అని వచ్చినా మీ ఊరు సేఫ్ అని కాదు. మండలంలో ఒక వైపు సాగర్ కాలువ పారితే సగటు బాగానే కనిపిస్తుంది.

మా దగ్గర మట్టం ఎంతుందో ఫోన్లో చూడొచ్చా?

చూడొచ్చు. భూగర్భ జల శాఖ మండలాల్లో పీజోమీటర్లు, అంటే మట్టం కొలవడానికే వేసిన బోర్లు, పెట్టింది. ఆ అంకెలు రాష్ట్ర జల వనరుల పోర్టల్ ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్‌లో కనిపిస్తాయి. అవి మీటర్లలో ఉంటాయి. 12 మీటర్లు అంటే నేల నుంచి దాదాపు 40 అడుగుల కింద. అంకె పెరిగితే మట్టం దిగినట్టు. దీన్ని తిరగేసి చదివి సంతోషపడేవాళ్లను చూశాను.

లోతు బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ తగ్గుతుందా?

తగ్గుతుందని నమ్మి తాగొద్దు. ఫ్లోరైడ్ రాయిలోంచే నీటిలోకి దిగుతుంది. నీరు రాయిలో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ చేరే అవకాశం. లోతు పగుళ్లలో నీళ్లు పాతవి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో పళ్ల మీద గోధుమ రంగు చారలున్న పిల్లలను, నడుం వంగిపోయిన పెద్దవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర టెస్టు చేయించండి. కుళాయిలో సాగర్ నీళ్లు వచ్చే ఊరైతే వంటకు, తాగడానికి అవే వాడండి.

మాది సముద్రం పక్క ఊరు. బావి నీళ్లు ఉప్పగా మారుతున్నాయి.

కొత్తపట్నం నుంచి విడవలూరు దాకా ఇదే గోడు. ఇసుక నేలలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. లెక్క ప్రకారం పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే, కింద ఉప్పునీటి హద్దు దాదాపు 40 అడుగులు పైకి వస్తుంది. అందుకే ఇక్కడ లోతు పెంచడం అంటే ఉప్పుకు ఎదురెళ్లడమే. తక్కువ లోతు, తక్కువ పవరు మోటారు, గంటకోసారి ఆపి ఆపి తోడడం మంచిది. రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పంట కాలువలోకి వదిలితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

## ప్రాజెక్టులు, ఊరి పనులు

వెలిగొండ నీళ్లు వస్తే బోర్ల బాధ తీరినట్టే కదా?

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం నుంచి కృష్ణా వరద నీటిని నల్లమల కింద సొరంగాల్లో తెచ్చే పథకం. 43.5 టీఎంసీలు, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో సుమారు 4.47 లక్షల ఎకరాలు. కాలువ పారినచోట, దాని కింది చేలలో బోర్లు లేస్తాయి. సాగర్ కాలువ కింద ఊళ్లలో అది కళ్లారా చూశాం. కానీ కాలువకు ఎగువన, ఎత్తులో ఉన్న చేలకు ఆ ఊట అందదు. మీ సర్వే నంబరు ఆయకట్టులో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే మీ వాన నీళ్లే మీకు దిక్కు.

అటల్ భూజల్ యోజన మనకు వస్తుందా?

రాదు. భూగర్భ జలాలను ఊరివాళ్లే చూసుకునేలా కేంద్రం 2019 డిసెంబరులో మొదలుపెట్టిన ఆ పథకాన్ని గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకే ఇచ్చారు.

ఊరి చెరువు బాగుచేస్తే బోర్లకు నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. కంభం చెరువు చూడండి. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేశారు. కట్టించింది గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు నిండిన ఏడాది కట్ట దిగువ బోర్లకు, ఎండిన ఏడాది బోర్లకు తేడా ఏంటో అక్కడి రైతును ఎవరినైనా అడగండి.

మీ ఊరి చెరువుకు ముందు వాగు నుంచి నీళ్లు వచ్చే దారి తెరవండి. చాలాచోట్ల చెరువు బాగానే ఉంటుంది, దారిని ఎవరో దున్నేసుకుని ఉంటారు. 2022లో మొదలైన అమృత్ సరోవర్‌లో జిల్లాకు 75 చెరువుల లక్ష్యం పెట్టారు. మీ ఊరిది అందులో ఉందేమో మండల ఆఫీసులో అడగండి.

నీళ్లు పడని బోరును ఏం చేయాలి?

ఆ రోజే మూయండి, మర్నాటికి పెట్టొద్దు. కేసింగ్ పైపు రేటు వస్తుందని పైకి లాగేసి కంత అలాగే వదిలేస్తున్నారు. పసిపిల్లలు పడేది అక్కడే. 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వాడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. వాడే బోరు అయితే పైపు మీద ఇనుప రేకు వెల్డింగ్ చేయాలి లేదా నట్లు బోల్టులతో గట్టి మూత బిగించాలి, చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. వేసేటప్పుడు చుట్టూ కంచె ఉండాలి. గోనెసంచి కప్పి రాయి పెట్టడం మూయడం కాదు. మీ చేలో కాకపోయినా, దారిలో అలాంటిది కనిపిస్తే ఊరి సచివాలయంలో ఆ రోజే చెప్పండి. వాళ్లు వచ్చేదాకా నాలుగు ముళ్లకంపలు అడ్డం వేసి రండి.